నెమలికంఠం చీర వెనక

సినిమాకు పోయి జనం ఏమేం పోగొట్టుకుంటారో నాకు తెలుసు. చెప్పులు పోతాయి. గొడుగు పోతుంది. మా ఎదురింటి పిల్లకైతే కాలి పట్టీ పోయింది. నేను సినిమాకు పోయి ఏకంగా అత్తగారింటినే పోగొట్టుకున్నాను. అత్త, మామ, తోడికోడళ్లు, మరుదులు, పేర్లు కూడా సరిగా రాని పిల్లల మంద, రెండు ఎడ్లబండ్లు, అంతా ఒక్క మ్యాట్నీలో మాయం! అప్పటికి నా పెళ్లి పారాణి ఇంకా పూర్తిగా వదల్లేదు. ఇంత పెద్ద వస్తువును ఇంత తొందరగా పోగొట్టిన కోడలు మా జిల్లాలో నాకు ముందు లేదు. తర్వాత పుట్టినట్టు కూడా నేను వినలేదు.

ఆ ఘనకార్యం చెప్పాలంటే ముందు నా కళ్ల సంగతి చెప్పాలి.

మాది నిజామాబాద్. ఇంట్లో బాపు, నేను అవ్వ అని పిలిచే మా అమ్మ, నేను, అంతే. బడిలో పంతులు నల్లబల్ల మీద రాసేది నాకు సున్నం పూసిన గోడలా కనిపించేది. పక్కపిల్ల పలకలో చూసి రాసుకునేదాన్ని, దాని తప్పులతో సహా. చివరికి బాపు డాక్టరుకు చూపించి, సీసా అడుగంత మందం అద్దాలు పెట్టించాడు. చెట్టుకు ఆకులు విడివిడిగా ఉంటాయని ఆ రోజే నాకు తెలిసింది.

పెళ్లిచూపుల నాడు మా అవ్వ ఆ అద్దాలు లాక్కుని బియ్యం డబ్బాలో దాచింది.

"అవ్వా, పిలగాడు నాకు కనపడడే!" అన్నాను.

"దగ్గరికొస్తే కనపడనే కనపడ్తడు. దూరమున్నోన్ని సూసి నువ్వేం జేస్తవ్?" అంది.

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు కదా. మా అవ్వ ఒక్క అబద్ధంతో పెళ్లి చేసి, మిగిలిన తొంభైతొమ్మిదీ నాకు సారెగా పెట్టి పంపింది. సాగనంపేటప్పుడు అద్దాలు తెచ్చి నా ట్రంకుపెట్టె అడుగున, చీరల కింద పెట్టి చెవిలో చెప్పింది. "పానం మీదికొచ్చినా బయటికి తియ్యకు. గుడ్డిపిల్లను అంటగట్టిండ్రని నిన్ను మల్ల నా ఇంటికే తోలుతరు. జాగ్రత్త బిడ్డా!"

అత్తగారిల్లు బోధన్‌లో. మామయ్యకు చెరుకుతోట, మా ఆయనకు చక్కెర ఫ్యాక్టరీలో కొలువు. ఇల్లు అనడానికి నోరు రాదు, అదొక జాతర. మామయ్య తమ్ముళ్లు, వాళ్ల కొడుకులు, కోడళ్లు, పుట్టింటికొచ్చి తిరిగిపోవడం మరిచిన ఆడబిడ్డలు, వాళ్ల పిల్లలు. ఎవరి పిల్ల ఎవరి ఒళ్లో నిద్రపోతుందో, ఎవరి కంచంలో ఎవరు తింటున్నారో దేవుడికి కూడా అద్దాలు లేకుండా తెలియదు. ముగ్గురున్న ఇంట్లోంచి వచ్చిన నేను, చెయ్యి చాపితే అందేంత దూరం తప్ప కనపడని నేను, అక్కడ ఎట్లా నెగ్గుకొచ్చానని అడగండి. రంగులు, గొంతులు, వాసనలు! పొగాకు వాసనొస్తే మామయ్య. గాజుల గలగల ఎక్కువైతే పెద్ద తోడికోడలు రాజక్క. దగ్గుతూ తిడుతుంటే అత్తమ్మ.

ఒకరోజు పెరట్లో తెల్లగా మామయ్య నిలబడి ఉంటే, కొంగు తలమీదికి లాక్కుని, పక్కకు ఒదిగి, దారి ఇచ్చి నిలబడ్డాను. ఆయన కదలడు. నేనూ కదలను. కాళ్లు పీకుతున్నాయి. చివరికి రాజక్క వచ్చి, "దండెం మీది ధోతికి గూడ ఇంత మర్యాదా సుగుణా! కోడలంటె నీలెక్కుండాలె" అని ఆ ధోతిని మడిచి భుజాన వేసుకుపోయింది. నా పరువు ఆ పూటకు నిలబడింది.

హోళీ పోయిన కొత్తలో మా ఊరి టాకీసుకు ఒక నవ్వుల సినిమా వచ్చింది. పెద్ద కుటుంబం, ఒకటే ఇల్లు, ఒకటే గందరగోళం. చూసొచ్చిన ప్రతివాళ్లూ మా అత్తమ్మతో, "అచ్చం మీ ఇల్లే" అన్నారట.

అత్తమ్మ వాకిట్లో నిలబడి హుకుం జారీ చేసింది. "మనిల్లసొంటి ఇంటి మీద సినిమా దీసిండ్రట. ఊరంతా సూసె, మనం సూడకపోతె ఇజ్జత్ ఏముంటది? ఆడోళ్లు, పిల్లలు, అందరు నడువుండ్రి. మొగోళ్లు ఒక పూట సల్దన్నం తిననీ!"

మా ఆయన డ్యూటీకి పోయాడు. మేము రెండు బండ్లు కట్టుకుని, సర్వపిండి, పల్లీలు, నీళ్ల చెంబులు మోసుకుని, యుద్ధానికి పోయినట్టు పోయాం.

టాకీసులో ఆడవాళ్ల బెంచీల మీద నాకు ఒక పక్క రాజక్క, ఇంకో పక్క అత్తమ్మ. సినిమా మొదలైంది. నాకు మొదలు కాలేదు. తెర మీద తెల్లగా ఒకటి ఊగుతోంది, నల్లగా ఒకటి దుముకుతోంది, రెండూ అరుస్తున్నాయి. మాటలను బట్టి సంగతి పట్టుకున్నాను. ఇంటాయన తన పిల్లల పేర్లు మరిచి, ఒకణ్ని పిలవబోయి అందరినీ పిలుస్తాడు. ఎవరో చుట్టం వచ్చి ఆ ఇంట్లో తిష్ఠ వేస్తాడు. భార్య వైపు వాడని భర్త, భర్త వైపు వాడని భార్య అనుకుని వాడికి మర్యాదలు చేస్తూనే ఉంటారు. జనం పడీ పడీ నవ్వుతున్నారు. నేను వాళ్లు నవ్వాక నవ్వుతున్నాను.

అత్తమ్మ మోచేత్తో పొడిచింది. "ఏందే, అందరు నవ్వుడు అయినంక నవ్వుతున్నవ్?"

"సమజ్ చేస్కొని నవ్వుతున్న అత్తమ్మా."

"మంచిది. తొందరగ సమజ్ చేస్కో."

ఆ చుట్టం సంగతికి మాత్రం నాకు నిజంగానే నవ్వాగలేదు. "ఎవలో తెల్వని మనిషిని ఇంట్ల వెట్టుకుంటరా రాజక్కా? గింత పిచ్చోళ్లుంటరా ఏడన్న?" అన్నాను. పైన తథాస్తు దేవతలు కూడా ఆ ఆటకే వచ్చి ఉంటారు.

సినిమా వదిలారు. చీకట్లోంచి ఒక్కసారిగా ఎండలోకి వచ్చేసరికి నాకున్న ఆ కాస్త చూపూ పోయింది. జనం, దుమ్ము, బఠానీలమ్మేవాళ్ల కేకలు. రాజక్క నా చెవి దగ్గర, "నా ఎన్కనే రా. నా చీర సూస్కుంట రా" అంది. ఆమెది నెమలికంఠం రంగు చీర. ఆ నీలం పచ్చల మెరుపు నాకు కూడా కనిపించేంత గట్టి రంగు. దాన్నే చూసుకుంటూ నడిచాను.

నాకు తెలియనిది ఒక్కటే. ఆ ఏడు మా ఊరి బట్టల దుకాణంలోకి ఆ రంగు చీరల సరుకే వచ్చింది. బోధన్ చుట్టుపక్కల సగం మంది ఆడవాళ్లు నెమళ్లైపోయారు.

నడుస్తుంటే వెనక నుంచి ఎవరో, "జర వట్టుకో" అని నిద్రపోయిన పిల్లవాణ్ని నా చేతుల్లో పెట్టారు. మా ఇంట్లో ఇది రోజూ ఉండేదే. భుజాన వేసుకున్నాను. నెమలికంఠం చీర బండెక్కింది. నేనూ ఎక్కాను. బండి కదిలింది.

కొత్త గొంతులు వినపడ్డాయా అంటారా? వినపడ్డాయి. కానీ మా ఇంట్లో కొత్త గొంతు వినపడని రోజేది? "పోరడు పండుకున్నడా?" అని ఒకామె అడిగింది. "పండుకున్నడు" అన్నాను. ఇంకొకామె సర్వపిండి ముక్క చేతిలో పెట్టింది. తిన్నాను. మా ఇంటిదానికన్నా బాగుంది. అప్పుడన్నా అనుమానం రావాలి కదా! రాలేదు. మా ఇంటి దారిలో ఫ్యాక్టరీ నుంచి బెల్లం మాడిన వాసనొస్తుంది. ఇప్పుడు వరిమడి వాసనొస్తోంది. తోట మీదుగా పోయి చెరుకు వేసుకుంటారేమో అనుకున్నాను. మనసు ఒకసారి తప్పుదారి పట్టాక ప్రతి తప్పుకూ ఒక మంచి కారణం చెబుతుంది.

బండి ఆగింది. దిగాను. నెమలికంఠం వెనకాలే గడప దాటబోయి దర్వాజకు ఠంగుమని నెత్తి కొట్టుకున్నాను. మా ఇంటి దర్వాజ ఏనుగు పోయేంత ఎత్తు. ఇది నా కన్నా పొట్టిది. నెత్తి బొప్పి కట్టింది, బుద్ధి తెరుచుకుంది. ఇది మా ఇల్లు కాదు!

ఆ క్షణంలో బుద్ధున్న మనిషి ఏం చేయాలి? "అమ్మా, పొరపాటున వచ్చాను" అనాలి. అంటే, ఎట్లా వచ్చావంటారు. కళ్లు కనపడక అని చెప్పాలి. ఆ మాట నాకన్నా ముందు బోధన్ చేరుతుంది. అవ్వ మాటలు చెవిలో గింగురుమన్నాయి. నోరు మూసుకుని, ఇంకొకరి బిడ్డను ఎత్తుకుని, ఇంకొకరి ఇంటి మధ్యలో నిలబడ్డాను.

"ఓ పిల్లా, గట్లనే నిలవడితివేంది? జర చాయ్ వెట్టు, తలకాయి వలుగుతున్నది" అని అరుగు మీంచి ఒక ముసలి గొంతు. ఆ ఇంటి పెద్దావిడ. అందరూ ఆమెను పెద్దవ్వ అంటున్నారు.

చాయ్ పెట్టాను. ఏం చేయమంటారు? పొయ్యి వేడిని బట్టి, డబ్బాల వాసనను బట్టి, ఆ ఇంటి వంటింట్లో నేను పెట్టిన చాయ్‌ని అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు వాళ్లింట్లో పసివాణ్ని తొట్టెలో వేసే పండగట, ఇల్లంతా చుట్టాలు. అదే నా అదృష్టం, అదే నా గ్రహచారం.

ఒకామె అడిగింది. "నువ్వు సత్తెమ్మ చెల్లెవు గదా?"

"ఆఁ" అన్నాను.

ఇంకొకామె అంది. "కాదే, బాలింత మేనత్త బిడ్డ. ముక్కు సూడు, అదే ముక్కు."

"ఆఁ" అన్నాను. ముక్కుకు కూడా రెండిళ్ల చుట్టరికం కలిసింది.

నెమలికంఠం చీర దగ్గరికొచ్చింది. "నాకు గీ తీరు చెల్లె లేదు. నేను మా మరదలు దోస్తనుకున్న!" అంది. ఆమే సత్తెమ్మ. ఆ గొంతు వెనక గాజుల గలగల లేదు, రాజక్క లేదు.

సరిగ్గా అప్పుడు నా భుజం మీది పిల్లవాడు కళ్లు తెరిచాడు. నా మొహాన్ని అంత దగ్గర నుంచి ఒకసారి చూశాడు. తర్వాత ఊరు లేచిపోయేలా ఏడుపందుకున్నాడు. అంతమంది పెద్దవాళ్లలో, నేను ఎవరో తెలియదని ఒప్పుకున్న నిజాయితీపరుడు వాడొక్కడే.

ఇల్లంతా నా చుట్టూ మూగింది. "ఎవలీమె?" "నీ దిక్కు గాదా?" "నీ దిక్కనుకున్న!" "వామ్మో, పిల్లలనెత్తుకపోయేటిదా ఏంది?" ఆ చివరి మాటకు చాయ్ గిన్నె పక్కన కూలబడి ఏడ్చాను. అద్దాలు, అవ్వ, బియ్యం డబ్బా, నెమలికంఠం, అన్నీ వరసగా చెప్పేశాను.

అంతా విన్న తర్వాత పెద్దవ్వ నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. నా పక్కన కూచుని వీపు మీద చెయ్యేసింది.

"ఏడువకు బిడ్డా. ఎత్తుకపోయేటోళ్లు పిల్లలను తీస్కపోతరు గని, చాయ్ వెట్టి ఇస్తరా? నువ్వు తప్పిపోయినవ్, గంతే. ముందుగాల ఇంత తిను. సత్తెమ్మా, బువ్వ వెట్టు."

తింటుంటే విచారణ మొదలైంది.

"బోధన్‌ల ఎవలింటి కోడలివి? నీ పెనిమిటి పేరేంది?"

ఇక్కడ పాఠకులు నా కష్టం గమనించాలి. భర్త పేరు నోటితో చెప్పకూడదు, మామ పేరు అసలే చెప్పకూడదు. ప్రాణం పోయినా మర్యాద పోకూడదని పెంచారు. "పేరు మొదట్ల నీళ్లుంటయ్, ఎనుక దేవుడుంటడు" అన్నాను.

"చెర్వయ్యనా?"

"కాదు."

"బాయన్న?"

"కాదు. పారే నీళ్లు. ఎనుక సీతమ్మ పెనిమిటి."

"గంగారాం!" అని పిల్లలంతా ఒక్కసారే అరిచారు. నేను సిగ్గుపడి తలవంచుకున్నాను. పెద్దవ్వ నెత్తి కొట్టుకుంది.

"ఓరి దేవుడా, బోధన్‌ల కండ్లు మూస్కొని రాయిసిరితె గంగారాంకే తాకుతది! ఏం పని జేస్తడు?"

"చక్కెర ఫ్యాక్టరీల."

"సగం ఊరు అండ్లనే ఉన్నది. ఇంటి ముంగట ఏమున్నది?"

"నాకు కనపడితె గద అవ్వా!" అన్నాను, మళ్లీ ఏడుపు వస్తుంటే.

పెద్దవ్వ పట్టు వదల్లేదు. "సరే, కనపడేది ఇడిసిపెట్టు. పొద్దుగాల లేస్తే ఏం ఇనపడ్తది?"

అది చెప్పగలను! "ఎదురింట్ల దూది ఏకుతరు. టంయ్ టంయ్ మని. మధ్యమధ్యల ఉర్దూల కొడుకును తిడ్తరు."

"పరుపుల సాయబు!" అంది పెద్దవ్వ. "మా పరుపులన్ని ఆయన కుట్టినయే. ఆయన ఎదురుంగ పెద్ద దర్వాజ ఇల్లు. ఎరికే నాకు. బండి కట్టుండ్రి!"

కొత్త కోడలు పొద్దుగూకే వేళ పరాయి బండిలో ఒంటరిగా దిగితే లోకం ఏమంటుందో ఆ తల్లికి తెలుసు. రేపటి పండగ పనంతా వదిలిపెట్టి, మోకాళ్ల నొప్పులతో తనే బండెక్కింది. దారిలో నా చెయ్యి పట్టుకుని అంది. "నీ అద్దాల ముచ్చట నా నోట్లకెల్లి రాదు. జనంల ఎనుకవడ్డది, నేనే తోలుకొచ్చిన అంట. నువ్వు బేఫికర్‌గ ఉండు."

మా ఇల్లు చేరేసరికి దీపాలు పెడుతున్నారు. ఏడుపులు, పెడబొబ్బలు, నా కోసం తలో దిక్కు పరుగెత్తే మరుదులు, ఇట్లా ఏవేవో ఊహించుకున్నాను. ఏమీ లేదు. పిల్లలు వాకిట్లో సినిమా ఆడుతున్నారు. రాజక్క నన్ను చూసి, "ఏడున్నవే గింతసేపు? పప్పు మాడిపాయె" అంది. ముందు బండి వాళ్లు నేను వెనక బండిలో ఉన్నాననుకున్నారు, వెనక బండి వాళ్లు ముందు బండిలో ఉన్నాననుకున్నారు. నిజం చెబుతున్నాను, తప్పిపోయినప్పుడు రాని దుఃఖం అప్పుడొచ్చింది.

పెద్దవ్వకు కోపమొచ్చింది. మా అత్తమ్మ ముందు నిలబడి అడిగింది. "ఏమమ్మా, ఇంటి కోడలు టాకీసు కాడ తప్పిపోతె గింత సోయి లేదా మీకు?"

"మా కోడలు తప్పిపోవుడేంది?" అత్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టింది. "ఇంటికొచ్చినప్పటి సంది అర్రల పండుకున్నది. తలకాయి నొస్తుందేమో అని నేనే దుప్పటి గప్పిన. చాయ్ తెచ్చిచ్చిన. నెత్తి ఒత్తిన. ఎంత పిలిచినా పలుకకపాయె. అలిగిందేమో, పిల్ల పుట్టింటి మీద పానం గుంజుతున్నదేమో అనుకొని ఊకున్న."

అందరం అర్రలోకి పోయాం. రాజక్క చేతిలోని కందిలి దీపం ఎత్తింది. మంచం మీద, పరుపుల సాయబుకు ఇవ్వడానికి కట్టిపెట్టిన దూది మూట నిండుగా దుప్పటి కప్పుకుని పడుకుంది. తలవైపు చల్లారిన చాయ్.

"అత్తమ్మా," అంది రాజక్క నెమ్మదిగా, "నువ్వు చాయ్ తెచ్చినప్పుడు ఇంకా ఎండ ఉండె గదా?"

అత్తమ్మ దగ్గింది. తిట్టలేదు. ఉత్త దగ్గే. ఆమె దూది మూట నెత్తి ఒత్తిందని తలుచుకుంటే నాకు నవ్వు రాలేదు. ఇంట్లో నన్ను తలుచుకున్నది ఆమె ఒక్కతే. దొరికింది నేను కాదు, అంతే తేడా.

"అత్తమ్మా," అన్నాను, "నాకు దూరం కనపడదు. చిన్నప్పటి సంది అద్దాలున్నయ్. పెట్టెల దాచిన."

అత్తమ్మ నా వైపు, కాకపోతే నా పక్కనున్న తలుపు వైపు తిరిగి, "అయితే నీక్కూడనా?" అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "గా సినిమాల తెల్లగ ఊగింది ఎవలే? మొగోడా, ఆడామెనా?"

"నేను ముసలాయన అనుకున్న అత్తమ్మా."

"నేను పరద అనుకున్న!"

పెద్దవ్వ ముందుగా నవ్వింది, తర్వాత ఇల్లు నవ్వింది. మామయ్య వాకిట్లోంచి ఏమైందని అరుస్తుంటే చెప్పడానికి ఎవరికీ మాట రావట్లేదు. పెద్దవ్వను తినకుండా కదలనివ్వలేదు మా అత్తమ్మ. మర్నాడు వాళ్ల తొట్టెలకు మేమందరం పోయాం. నన్ను చూసి, నా భుజాన నిద్రపోయిన ఆ పిల్లవాడు మళ్లీ ఏడ్చాడు.

అద్దాలు మాత్రం సినిమాకు పోయొచ్చిన రాత్రే పెట్టెలోంచి బయటికొచ్చాయి. డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన గేటు దగ్గర దీపం వెలుగులో ఉండగానే, మొదటిసారి, కాళ్ల నుంచి తల దాకా ఆయన నాకు స్పష్టంగా కనిపించాడు. దూరం నుంచి కూడా మనిషి బాగానే ఉన్నాడు. ఆ మాట ఆయనకు చెప్పలేదు, నెత్తికెక్కుతుందని.

తర్వాత వారం అత్తమ్మను నిజామాబాద్ డాక్టరుకు చూపించి అద్దాలు చేయించాం. దుకాణంలో ఆమె అవి పెట్టుకుని వీధిని చూసింది, టాంగాను చూసింది, గుర్రాన్ని చూసి మెచ్చుకుంది. చివరికి నా మొహం దగ్గరికి మొహం తెచ్చి, నోరు తెరిచింది.

"ఓసి నీ పాడుగాను! నీకు పన్ను మీద పన్నున్నదే!"

"పెండ్లిసూపులల్ల సూసినవ్ గదా అత్తమ్మా?"

"నేనేడ సూసిన? మీ అవ్వ వెట్టిన సకినాలు దగ్గరున్నయ్, అవి సూసిన. మంచిగున్నయని సంబంధం ఖాయం జేసిన!"

ఆ దుకాణం మెట్ల మీద నిలబడి, నా ముక్కు మీది అద్దాల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో చీర రంగును నమ్మి ఎవరి వెనకా నడవను. మొహం మొహం చూడందే బండెక్కను. ఎవరైనా "జర వట్టుకో" అంటే, పట్టుకునే ముందు ఆ బిడ్డను లేపి, నేనెవరో వాణ్నే అడుగుతాను.